పది ఫలితాలు చూసి ఆరులో చేర్పిస్తామా?

ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటికల్లా మా మండలం వాట్సాప్ గ్రూపుల్లో ఒక పట్టిక తిరగడం మొదలెడుతుంది. ఎవరు తయారుచేస్తారో తెలీదు గానీ వాళ్ల ఓపికని మెచ్చుకోవాలి. మండలంలోని హైస్కూళ్లన్నీ వరసగా ఉంటాయి. ఒక్కో బడికి ఎదురుగా ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు, శాతమెంత, స్కూల్ ఫస్ట్ ఎవరు అని రాసి ఉంటుంది. పైన ఉన్న మూడింటికి పసుపు రంగు, అడుగున ఉన్నవాటికి ఎర్ర రంగు. ఈసారి దాన్ని నాకు పంపింది మా చెల్లెలు. కింద ఒకటే ముక్క: "అన్నయ్యా, దీన్ని బట్టి బుజ్జిదాన్ని ఆరులో టౌన్లో వేసేద్దామా?"

మా మేనకోడలు అయిదు పూర్తిచేసింది. వాళ్లది కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు. ఊళ్లో యూపీ స్కూలు ఉంది, ఒకటి నుంచి ఎనిమిది దాకా. పిల్ల ఇన్నాళ్లూ చదివింది అక్కడే. కాలవ దాటి కొంత దూరం వెళితే జెడ్పీ హైస్కూలు వస్తుంది. షేర్ ఆటో ఎక్కితే టౌన్లో పెద్ద హైస్కూలు. హాస్టల్లో ఉంచడం మా చెల్లికి ఇష్టం లేదు కాబట్టి కస్తూర్బా, గురుకులం లెక్కలోకి రావు. పెద్దాపురం నవోదయకి పరీక్ష రాయించారు, సీటు రాలేదు. ప్రైవేటు సంగతి ఇక్కడ ఎత్తను, అది వేరే గొడవ.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ పట్టిక ఆరులో చేరే పిల్లకి పనికిరాదు. పనికిరాకపోతే పోనీ, కొన్నిసార్లు తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఎందుకంటే అందులో పైకెక్కడానికి కొన్ని బడులు ఖర్చుపెట్టేది ఆరు, ఏడు తరగతుల పిల్లల పీరియడ్లనే.

శాతం వెనక ఏముంది

ముందు చిన్న సంగతి. 18 మంది పది రాసే బడిలో ఒక్కడు తప్పితే అయిదున్నర శాతం ఊడిపోతుంది. 120 మంది రాసే బడిలో ఒక్కడు తప్పితే ఒక శాతం కూడా తగ్గదు. చిన్న బడి ఈ ఏడు పసుపులో ఉండి వచ్చే ఏడు ఎరుపులోకి దిగడానికి, పరీక్షల వారంలో ఇద్దరు పిల్లలకి ఆటలమ్మ పోస్తే చాలు. ఇక మా చెల్లి ఊరి యూపీ స్కూలు ఆ పట్టికలో అసలు ఉండదు, అక్కడ పదో తరగతే లేదు కదా. పట్టికలో లేకపోవడం దాని తప్పు కాకపోయినా, చూసేవాళ్లకి మాత్రం అది పోటీలోనే లేని బడిలా కనిపిస్తుంది.

జిల్లాల లెక్క చూడండి. 2023, 2024, 2025 మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానం పార్వతీపురం మన్యం జిల్లాదే. 2025లో అక్కడ 93.90 శాతం పాసయ్యారు. అదే ఏడు అట్టడుగున ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64 శాతంతో. రెండూ కొండ ప్రాంతాలే, రెండింట్లోనూ గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలలు ఎక్కువే. ఇంత తేడా పిల్లల తెలివిలోంచో, మాస్టార్ల చదువులోంచో వచ్చిందంటే నేను నమ్మను. ఆఖరి నెలల్లో పదో తరగతి మీద ఎవరెంత పట్టుగా కూర్చున్నారన్నది అందులో పెద్ద భాగమని నా అనుమానం.

పట్టుగా కూర్చోవడం తప్పని అనను. కూలికి వెళ్లే ఇంటి పిల్ల పది తప్పితే ఆ వేసవిలోనే రొయ్యల షెడ్డుకి పోతుంది, లేకపోతే పెళ్లి మాటలు మొదలవుతాయి. పాసైతే ఇంటరో, పాలిటెక్నికో, ఐటీఐయో ఏదో ఒక దారి ఉంటుంది. పొద్దున్నే ఏడింటికి వచ్చి, సొంత డబ్బుతో అరటిపళ్లు తెచ్చి పెట్టి, సాయంత్రం చీకటి పడేదాకా పిల్లల్ని చదివించే మాస్టార్లు నాకు తెలుసు. వాళ్లకి చెయ్యెత్తి దండం పెట్టాలి.

కానీ ఆ పట్టు గాల్లోంచి ఊడిపడదు. ఉన్న మాస్టార్లు ఆ నలుగురే, రోజులో పీరియడ్లు అవే. ఒక చోట పెంచితే ఇంకో చోట తరుగుతుంది.

జనవరిలో ఒక స్టడీ సర్టిఫికెట్ పని మీద, పట్టికలో ఎప్పుడూ పసుపు రంగులో ఉండే ఆ టౌను బడికి వెళ్లాను. హెడ్మాస్టరు గారు మీటింగులో ఉన్నారంటే వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. పక్క గది ఏడో తరగతి. గోడ మీది టైంటేబుల్ ప్రకారం లెక్కల పీరియడ్. లెక్కల మాస్టారేమో ఎదురు గదిలో పదో తరగతి 'డి గ్రేడు' పిల్లలతో, అంటే తప్పుతారేమోనని విడిగా కూర్చోబెట్టినవాళ్లతో ఉన్నారు. ఏడులో క్లాస్ లీడరు, రెండు జడల పిల్ల, బోర్డు మూల 'మాట్లాడినవారు' అని రాసి కింద పేర్లు ఎక్కిస్తోంది. మరీ ఎక్కువ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ. ఒకడు "నేను రబ్బరు అడిగానంతే" అని బతిమాలితే వాడికి ఇంకో ఇంటూ పడింది. నేను కూర్చున్నంతసేపూ ఆ గదిలో జరిగిన లెక్కలు ఆ ఇంటూలే.

బెల్లు కొట్టాక మాస్టారు బయటికొచ్చారు. నేనేమీ అడక్కుండానే, "వంద రోజుల ప్రణాళికండి. మార్చి దాకా ఆరూ లేదు, ఏడూ లేదు, అంతా పదే" అన్నారు. ఆ మాటలో సంజాయిషీ కంటే విసుగే ఎక్కువ వినిపించింది. ఏటా ఇలా రెండు మూడు నెలలు లెక్కలు పోగొట్టుకున్న ఏడో తరగతి పిల్లల్లో కొందరు మూడేళ్లకి అదే 'డి గ్రేడు' గదిలో తేలతారు. అప్పుడు వాళ్లని గట్టెక్కించడానికి ఇంకో ఏడో తరగతి పీరియడ్ తీసుకోవాలి.

ఏడో తరగతి నోటుపుస్తకం

మరి ఏం చూసి పోల్చాలి? గోడలు చూసి చెప్పే రోజులు పోయాయి. బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబరులో మొదలై, మొదటి విడతలోనే 15,715 బడుల్లో పని జరిగింది. ఇప్పుడు ఏ బడికి వెళ్లినా అవే రంగులు, అవే బల్లలు, అవే కుళాయిలు. మధ్యాహ్న భోజనం మెనూ మా చుట్టుపక్కలంతా ఒకటే, 2025 జూన్ నుంచి బియ్యమూ సన్నబియ్యమే. ఆ భోజన పథకానికి అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, ఆవిడ మా లంకల గన్నవరం ఆవిడే కాబట్టి మావాళ్లకి అదో గొప్ప. వంటావిడ చేతిని బట్టి సాంబారు రుచి మారుతుంది, అంతకుమించి తేడా లేదు.

అందుకని మా చెల్లికి ఒక పని అప్పగించాను. ఏప్రిల్ 23తో బడులు మూసేస్తారు. మే నెల్లో పాత పుస్తకాలు కిలోల లెక్కన బండివాడికి వెళ్లిపోతాయి. ఆలోపు మూడు బడుల్లోనూ ఏడు చదివిన పిల్లల ఇళ్లకి వెళ్లి లెక్కల నోటుపుస్తకం అడిగి పట్రమ్మన్నాను. ఫస్టొచ్చే పిల్లది వద్దు, మధ్యరకం పిల్లది కావాలన్నాను. ఫస్టొచ్చే పిల్ల ఏ బడిలోనైనా ఫస్టే వస్తుంది.

టౌను బడి పుస్తకానికి అట్ట, లేబులు, విషయసూచిక అన్నీ ఉన్నాయి. ప్రతి పేజీకీ ఎర్ర టిక్కు, తేదీ, పొట్టి సంతకం. భిన్నాల దగ్గర ఆగాను. 3/4కి 1/2 కలిపితే 4/6 అని వేశాడు పిల్లాడు. లవాలు లవాలు, హారాలు హారాలు కూడేశాడు. దాని మీద కూడా అంతే అందంగా టిక్కు ఉంది. రెండు పేజీల తర్వాత అదే తప్పు, అదే టిక్కు. ముప్పావుకి అర కలిపితే ఒకటి దాటాలి కదా, ఒకటి కంటే తక్కువ ఎలా వచ్చిందని వాణ్ణి ఎవరూ అడగలేదు. ఆ తప్పుని వాడు భద్రంగా ఎనిమిదిలోకి మోసుకుపోతాడు.

కాలవ అవతలి జెడ్పీ బడి పుస్తకంలో తప్పే లేదు. మొదట సంతోషించాను. తిరగేస్తూ పోతే ఎక్కడా ఒక కొట్టివేత గానీ, చెరిపిన మరక గానీ కనిపించలేదు. బోర్డు మీద ఉన్నదాన్ని ఉన్నట్టు దించుకుంది. అందులోదే ఒక లెక్క ఇచ్చి చెయ్యమంటే, ఆ పిల్ల కాసేపు చూసి "ఇది ఎగ్జామ్‌లో రాలేదండి" అంది. తప్పుల్లేని నోటుపుస్తకమంటే నాకు ఆ రోజు నుంచి భయం.

ఊళ్లో యూపీ స్కూలు పుస్తకం చూడ్డానికే బాగోదు. అట్ట ఊడింది, మీద కొబ్బరినూనె మరక. సగం లెక్కలకి ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది. ఇక్కడా అదే భిన్నాల తప్పు. పక్కన మేడం రాశారు: "హారాలు వేరు కదా, ఎలా కూడావు?" కింద పిల్ల మళ్లీ చేసింది, మళ్లీ తప్పే. "రేపు ఇంటర్వెల్లో నా దగ్గరికి రా." దాని కింద ఇంకోసారి చేసి ఉంది, అది ఒప్పు. ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాను.

మా బావ వెంటనే అడ్డం తగిలాడు. "మూడు పుస్తకాలు చూసి మూడు బడులకి మార్కులేసేస్తారా బావగారూ?" సరైన ప్రశ్నే. ఒక్కో బడిలో ఒక్క పుస్తకం, అదీ ఒక్క సబ్జెక్టుది. ఇంకో పిల్లాడి పుస్తకం ఇంకోలా ఉండొచ్చు. కానీ ఆ శాతాల పట్టిక కంటే ఇది నయం. ఆరు నుంచి ఎనిమిది మధ్య ఏం జరిగిందో పట్టిక ఒక్క ముక్క కూడా చెప్పదు, పుస్తకం కొంతైనా చెబుతుంది.

టౌను మాస్టారి మీద నాకు కోపం లేదు. ఆయనకి అయిదు సెక్షన్లు, సెక్షనుకి యాభై మంది. 250 పుస్తకాలు, ఒక్కోటి రెండు నిమిషాల చొప్పున చూసినా ఎనిమిది గంటలు దాటుతుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని విద్యాహక్కు చట్టం అంటుంది. ఆ లెక్క బడి మొత్తానికి సరిపోయినా, లెక్కల మాస్టారి ముందున్న గదికి సరిపోదు. యూపీ స్కూలు మేడం దగ్గర ఏడో తరగతిలో ఉన్నది 14 మంది. ఆవిడకి తీరిక ఉంది, ఈయనకి లేదు. ఓపిక తేడా ఎంత, సంఖ్య తేడా ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

ఇంకో చిక్కుంది, నాకు నిజంగా తెగనిది ఇదే. ఆ మేడం ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు. ఆ యూపీ స్కూల్లో సబ్జెక్టుకో స్కూల్ అసిస్టెంటు లేరు. ఆవిడే లెక్కలు, ఆవిడే సైన్సు. టౌన్లో అయితే లెక్కల్లో డిగ్రీ, బీఈడీ చేసినాయన ఉంటారు. ఆరులో, ఏడులో పిల్లకి కావాల్సింది తప్పు పట్టుకునే కన్ను అని నా నమ్మకం. ఎనిమిదిలో బీజగణితం గట్టిపడ్డాక ఆ కన్నొక్కటే చాలుతుందా? చాలదేమో. మేడమే ఒకసారి మా చెల్లితో, "ఎనిమిది సైన్సు చెప్పేముందు రాత్రి నేనూ చదువుకోవాలండి" అన్నారట. ఆ మాటకి మా చెల్లి భయపడింది. నాకు మాత్రం గౌరవం పెరిగింది. అలాగని భయం తప్పని చెప్పలేను.

ఎన్ఎంఎంఎస్ చూసి పోల్చొచ్చు కదా అన్నాడు బావ. ఎనిమిదిలో రాసే పరీక్ష, వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్. పది శాతం కంటే ఇది నయమే, కనీసం మనం మాట్లాడుతున్న వయసు పిల్లలది. కానీ చాలా చోట్ల చురుకైన అయిదారుగురిని ఏరి వాళ్లకే కోచింగ్ ఇస్తారు. మిగతా గది సంగతి అదీ చెప్పదు.

కాగితం మీది మాస్టారు

ఈ రోజుల్లో వివరాలకేం కొదవ లేదు. ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చిన నంబరు, యూడైస్ కోడ్, నెట్‌లో కొడితే ఏ బడి రిపోర్టు కార్డైనా వస్తుంది. గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, పిల్లలెందరు, టీచర్లెందరు అన్నీ ఉంటాయి. చదువుకున్న తల్లిదండ్రులు దాన్ని ప్రింటు తీసి మరీ పోలుస్తున్నారు. అందులో దొరకని మాట ఒకటుంది, వర్క్ అడ్జస్ట్‌మెంట్. కాగితం మీద ఈ బడి మాస్టారే, మనిషి మాత్రం వారంలో మూడు రోజులు ఇంకో బడిలో ఉంటారు. అక్కడ ఖాళీ పడింది కాబట్టి ఈయన్ని సర్దారు. ఆ బడికి మేలే. ఈ బడి ఏడో తరగతి మాత్రం మూడు రోజులు పేర్లు రాసుకుంటుంది.

పైగా మాస్టార్లు ఎక్కడా స్థిరం కాదు. 2025లో వచ్చిన బదిలీల చట్టం ప్రకారం ఒకే బడిలో టీచరుకి 8 ఏళ్లు, హెడ్మాస్టరుకి 5 ఏళ్లు నిండితే కదలాల్సిందే. అదే ఏడాది 16,347 పోస్టుల మెగా డీఎస్సీతో కొత్తవాళ్లూ వచ్చారు. కాబట్టి మీ అబ్బాయి చదివినప్పటి బడి మా పిల్ల చేరేనాటికి ఉండకపోవచ్చు. "ఆ స్కూలు బాగుంటుందండీ, మా పెద్దాడు అక్కడే చదివాడు" అనే మాటకి విలువ ఎక్కడంటే, ఆ పెద్దాడికి చెప్పిన మాస్టారు ఇంకా అక్కడే ఉంటే. బడి పేరు అడిగేకంటే మాస్టారు ఎన్నేళ్ల నుంచి ఉన్నారో, ఇంకెన్నేళ్లు ఉంటారో అడగడం మేలు.

డెల్టాలో ఇంకో లెక్క కూడా వెయ్యాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లకి బడి 3 కిలోమీటర్లలో ఉండాలని నియమం. మ్యాపులో చూస్తే లంకల్లోనూ ఉంటుంది. పాయ అవతల తాటిచెట్ల మధ్య కనిపిస్తూనే ఉంటుంది, పడవ కడితేనే బడి. వరద నీరు ఎర్రబడి రేవు ఎక్కితే ఆ రోజుకి చదువు లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో బడులు మునిగాయి, మెరక మీదవి పునరావాస కేంద్రాలయ్యాయి. మునిగిన బడికీ, జనం తలదాచుకున్న బడికీ పాఠాలు పోయాయి. ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళితే అక్కడి బడులు పుదుచ్చేరి ప్రభుత్వానివి, పోలికే వేరు. మా చెల్లి వాళ్లకి ఇంత బాధ లేదు గానీ, టౌను బడి అంటే ముసురులో కూడా రెండు పూటలా షేర్ ఆటో. పదకొండేళ్ల పిల్ల, పన్నెండు మంది ఎక్కే ఆటో. ఆ పసుపు రంగు పట్టికలో దీనికి గడి లేదు.

"మీరంతా పోలిస్తే మేముండమండి"

ఇంతవరకూ రాసినదానికి గట్టి ఎదురుమాట ఆ యూపీ స్కూలు మేడం దగ్గరే విన్నాను. పుస్తకం చూసి, మెచ్చుకుందామని వెళ్లాను. ఆవిడ పెద్దగా సంతోషించలేదు.

"అందరూ వచ్చి చూసి బాగుందండి అంటారు, జూన్‌లో టీసీ అడుగుతారు. ఇంకో పదిమంది తగ్గితే ఒక పోస్టు పోతుందండి. నాకేం, ఇంకో బడికి పోతాను. ఉన్న పిల్లలు ఎక్కడికి పోతారండి?"

పిల్లల సంఖ్యని బట్టే పోస్టులు. 2022లో 117 జీవోతో మూడు నుంచి అయిదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకి పంపినప్పుడు, ఊళ్లో బడి ఎంత తేలిగ్గా ఖాళీ అవుతుందో అందరం చూశాం. 2025లో ఆ జీవో రద్దయింది. వెళ్లినవాళ్లలో ఎంతోమంది తిరిగి రాలేదు. ప్రభుత్వం పంపక్కర్లేదు, మన పోలికలే పంపుతాయి. ఆటో డబ్బులు పెట్టగలిగినవాళ్లు ముందు కదులుతారు. మిగిలేది తల్లి కువైట్లో ఉండి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల, ఊడ్పుల రోజుల్లో చెల్లిని చూసుకోడానికి ఇంట్లో ఆగిపోయే పిల్ల. వాళ్లు రాకపోతే మధ్యాహ్నం ఇంటికి కబురుపెట్టే మేడం ఉన్న బడిని, మనం 'సంఖ్య లేని బడి' చేస్తాం.

అయితే పోల్చడం మానేద్దామా? అదీ నాకు నచ్చదు. ఊరి బడిని కాపాడే భారం పదకొండేళ్ల పిల్ల మీద పెట్టలేం. మా చెల్లికి ఉన్నది ఒక్కతే, దాని ఏడో తరగతి ఒక్కసారే వస్తుంది. ప్రభుత్వ బడి మీద ప్రేమతో పిల్లని బలిపెట్టమని ఏ తల్లికీ చెప్పే హక్కు నాకు లేదు.

నాకు కనిపించే దారి ఒకటే. టీసీ అడిగేముందు నోటుపుస్తకం పట్టుకెళ్లి అడగాలి. పోయినేడు జులైలో పెద్ద పేరెంట్స్ మీటింగు జరిగింది. ముగ్గులు, తాడులాట, ఫొటోలు, ఆ ఫొటోల అప్‌లోడు. ప్రోగ్రెస్ కార్డు చేతిలో పెట్టారు. నోటుపుస్తకాన్ని వాళ్లు తియ్యలేదు, వీళ్లు అడగలేదు. తల్లిదండ్రుల కమిటీలో మాట్లాడేదంతా మరుగుదొడ్లు, గుడ్డు సైజు గురించే. అవీ కావాల్సినవే, కాదనను. వాటితోపాటు "జనవరి నుంచి మార్చి దాకా ఏడో తరగతి లెక్కలు ఎవరు చెప్పారు?" అని ఒక్కరు అడిగితే టౌను బడిలో ఆ వరండా కొంతైనా మారుతుంది. కాలవ అవతలి హైస్కూల్లో "మా పిల్ల సొంతంగా చేసిన లెక్క ఒక్కటి చూపించండి" అని అడగొచ్చు. ఈ మాటలు హెడ్మాస్టర్లకి నచ్చవు. కొందరికి మాత్రం పైవాళ్లతో చెప్పుకోడానికి ఒక సాకు దొరికినట్టు ఉంటుంది, పది మీద ఒత్తిడి వాళ్లకీ ఇష్టమై మోస్తున్నది కాదు.

మా ఇంట్లో తేలింది ఇదీ. పిల్ల ఆరు, ఏడు ఊళ్లోనే చదువుతుంది. ఎనిమిదికి ఏం చెయ్యాలన్నది అప్పటికి ఆ బడిలో ఎవరుంటారో చూసి తేలుస్తారు, ఆ మేడం బదిలీ ఏడు కూడా దగ్గర్లోనే ఉంది. మా బావకి ఇంకా టౌను మీదే మనసు. "దసరాకి లెక్కల పుస్తకం నేనే చూస్తాను. ఆ ఎర్రసిరా లేకపోతే ఆటో మాట్లాడేస్తాను, మీరు అడ్డం రాకూడదు" అన్నాడు. సరేనన్నాను. మా చెల్లెలు మాత్రం దసరా దాకా ఎందుకు, ఆగస్టులోనే చూద్దామంటోంది.